సగం జర్మన్‌తో ఉద్యోగంలో చేరిన నాకు తోడున్నవాళ్లకు

అందరికీ నమస్కారమండి.

స్టుట్‌గార్ట్ దగ్గర ఒక ఆసుపత్రిలో ఇన్నాళ్లూ సహాయకురాలిగా చేస్తున్న నాకు, పోయిన వారం పూర్తిస్థాయి నర్సుగా గుర్తింపు పత్రం చేతికొచ్చింది. ఫొటో పెట్టగానే బోలెడు అభినందనలు వచ్చాయి. చాలా సంతోషం. కానీ వాటిలో సగం నావి కావు. అవి చెందాల్సిన వాళ్లలో కొందరికి ఫేస్‌బుక్కే లేదు. సఖినేటిపల్లిలో ఉన్నవాళ్లు దయచేసి ఇది చదివి వినిపించండి.

ముందు మా కువైట్ పిన్ని. మా కోనసీమలో ఏ వీధిలో చూసినా ఒక కువైట్ పిన్నో మస్కట్ బాబాయో ఉంటారు కదా. మా పిన్ని కూడా అలాగే వెళ్లి, ఇళ్లల్లో పనిచేసి, ఇల్లు కట్టుకుని తిరిగొచ్చింది. అరబీలో ఒక్క అక్షరం రాయలేదు, మాట్లాడితే మాత్రం గడగడా మాట్లాడుతుంది. నేను బీఎస్సీ నర్సింగ్ అయ్యాక జర్మన్ పుస్తకం ముందేసుకుని తల పట్టుకుంటే, పుస్తకం మూసేసి మంచంలో ఉన్న మా మామ్మ దగ్గరికి తీసుకెళ్లింది. "చేసే పని చేస్తూ పైకి చెప్పు" అంది. ఇక ప్రతి పూటా అదే. దుప్పటి మార్చేటప్పుడు పక్కకి తిరుగుతారా అని, అన్నం పెట్టేటప్పుడు ఇంకో ముద్ద తింటారా అని, కాళ్లు ఒత్తేటప్పుడు నొప్పి ఎక్కడుంది అని, అన్నీ జర్మన్‌లోనే. పాపం మామ్మ "దీనికేదో గాలి సోకిందే" అనేది. ఇక్కడ వార్డులో నేను రోజంతా మాట్లాడేది సరిగ్గా ఆ మాటలే. మనవైపు పేషెంట్‌కి స్నానం, తిండి చాలావరకు ఇంట్లోవాళ్లే చూసుకుంటారు. ఇక్కడ అది నర్సు పని.

ఏజెంటు సంగతిలో కూడా పిన్నే కాపాడింది. ఒకాయన లక్షల్లో అడిగితే "రసీదు ఇస్తారాండీ?" అంది. ఆయన మాట మార్చాడు. వెతికితే, రిజిస్టర్ అయిన ఏజెంట్ల పేర్లుండే ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో ఆయన పేరే లేదు. రిజిస్టర్ అయిన ఏజెంటు కూడా సర్వీస్ చార్జీ కింద 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. పైగా ఖర్చంతా ఆసుపత్రే పెట్టుకుని నర్సుల్ని తెచ్చుకునే పద్ధతి కూడా ఉంది. నేను వచ్చింది అలాగే.

మీసేవ బాబాయ్‌కి కూడా థ్యాంక్స్. కరెంటు పోయినప్పుడల్లా ఆయన ఇన్వర్టర్ మీదే నా ఆన్‌లైన్ క్లాసులు నడిచాయి. స్కానింగులకి డబ్బులు ఇవ్వబోతే "జర్మనీ వెళ్లి ఇద్దువులేమ్మా" అనేవారు. వచ్చే సెలవుల్లో తీసుకోవాల్సిందే బాబాయ్.

ఇన్‌బాక్స్‌లో చాలామంది అడుగుతున్నారు, జర్మన్ మొత్తం వస్తేగానీ రాకూడదా అని. ఇక్కడ భాషని ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా కొలుస్తారు. నర్సుగా గుర్తింపు రావాలంటే నాలుగో మెట్టు, అంటే బీ2 స్థాయి కావాలి. అయితే అంతవరకూ ఇంట్లోనే కూర్చోనక్కర్లేదు. 2024 మార్చి నుంచి ఒక కొత్త దారి తెరిచారు: ఉద్యోగ ఒప్పందం ఉంటే, కనీసం రెండేళ్ల గుర్తింపు పొందిన చదువు ఉంటే, ఏ2 స్థాయితో కూడా వచ్చి, పనిచేస్తూనే గుర్తింపు తెచ్చుకోవచ్చు. మా ఆసుపత్రి మాత్రం బీ1 అడిగింది. నేను బీ1 తోనే ఎక్కాను విమానం. బీ2 ఇక్కడికొచ్చాక డ్యూటీల మధ్య చదివి రాశాను.

ఆ మధ్య కాలంలో నన్ను నిలబెట్టింది వార్డులోని కేరళ చేచీ (మలయాళంలో అక్క). డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ ఇవ్వాలి: ఎవరు ఎంత తిన్నారు, ఎంత తాగారు, జ్వరం, గాయం, నొప్పి. ఇక్కడివాళ్లు తమ యాసలో వేగంగా చెప్పేసుకుంటారు. వాక్యం చివర్లో క్రియ రావడం మన తెలుగువాళ్లకి కొత్తేం కాదు గానీ, అంకెలతోనే టెన్షన్. బీపీ 142 అంటే జర్మన్‌లో వంద, రెండు, నలభై అనే వరసలో పలుకుతారు. విన్నది విన్నట్టు రాసుకుంటూ పోతే 124 పడుతుంది కాగితం మీద. చేచీ తన డ్యూటీ మొదలవకముందే వచ్చి, స్టోర్ రూములో నిలబడి నా హ్యాండోవర్ మొత్తం ఒకసారి వినేది. ప్రతి అంకెనీ విడివిడిగా ఒకటి, నాలుగు, రెండు అని తిరిగి చెప్పి ఖాయం చేసుకోమంది. ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. జర్మన్ నర్సులు కూడా కొందరు నాతో అలాగే చెప్తున్నారు.

మా హెడ్ నర్సుకి తెలుగు రాదు కాబట్టి ఇది ఆవిడ చదవరు, అయినా రాస్తాను. మొదట్లో వార్డు ఫోన్ మోగితే నా గుండె జారిపోయేది. ఎదురుగా మనిషి లేకపోతే ఆ భాష ఇంకా కష్టం. ఆవిడ ఫోన్ లాక్కోలేదు, స్పీకర్ పెట్టి పక్కన నిలబడేవారు. నేను తడబడినా మధ్యలో అందుకునేవారు కాదు. మరీ ఆగిపోతేనే ఒక మాట అందించేవారు. అంత ఓపిక నాకుందా అంటే, ఏమో.

గుర్తింపు పరీక్ష ముందురోజు వీడియో కాల్‌లో మామ్మ పేషెంట్‌గా పడుకుంది, పిన్ని ఎగ్జామినర్. జర్మన్ ముక్క రాకపోయినా పిన్ని మార్కులు మాత్రం చాలా తక్కువ వేసింది!

మా చుట్టుపక్కల ఎవరైనా బీ1 స్పీకింగ్‌కి తయారవుతుంటే మొహమాటపడకండి. ఆ పరీక్షలో ఇద్దరు కూర్చుని మాట్లాడాలి, తోడు లేకుండా ఇంట్లో ప్రాక్టీసు కుదరదు. ఆదివారం మన సాయంత్రం పూట నాకు డ్యూటీ లేకపోతే కాల్ చేస్తాను. పిన్నికి చెప్పండి చాలు, నాకు చేరుతుంది.