పుట్టబోయేవాళ్ళ గురించి సరే, పెద్దవాళ్ళ మాటేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈమధ్య ఎక్కడ చూసినా ఇంకా పిల్లల్ని కనండి అనే మాటే వినపడుతోంది. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో పోటీ చెయ్యకూడదన్న రూలు కూడా 2024లో మన రాష్ట్రం తీసేసింది. జనాభా తగ్గిపోతుందన్న భయం నిజమేనండి, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఏపీలో ఒక్కో ఆడమనిషికి సగటున 1.7 మంది పిల్లలే, జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 ఉండాలి. కానీ ఇవాళ పుట్టిన బిడ్డ ఉద్యోగంలో చేరడానికి ఇరవై ఏళ్ళు పైనే పడుతుంది, ఈలోపు అరవై దాటబోయేవాళ్ళందరూ ఎప్పుడో పుట్టేసి మన మధ్యే తిరుగుతున్నారు కదా, వాళ్ళ సంగతి ఎవరు చూస్తారు?

దేశంలో అరవై దాటినవాళ్ళు 1961లో దాదాపు 2.5 కోట్లు, 2011కి 10 కోట్లు దాటేశారు. ఆ తర్వాత జనగణనే జరగలేదు, మళ్ళీ 2027లోనే.

మా కూర్మన్నపాలెం, గాజువాక వైపు వచ్చి చూడండి. 80ల్లో స్టీల్ ప్లాంటులో చేరిన కుర్రాళ్ళంతా ఇప్పుడు రిటైరైపోయారు, పిల్లలు హైదరాబాదో బెంగళూరో అమెరికానో, రెండంతస్తుల ఇంట్లో ముసలాయనా ముసలావిడా ఇద్దరే, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు మందుల షాపుకి నడవాలి. అలాంటివాళ్ళకి కనీసం పెన్షనుంది, కూలి చేసుకుని బతికినవాళ్ళకి 4,000 రూపాయల సర్కారు పెన్షనే ఆధారం. మా వీధి మామ్మగారు సిటీ బస్సు ఎక్కాలంటే ఒక చేత్తో మందుల కవరు పట్టుకుని ఇంకో చేత్తో కడ్డీ పట్టుకుని మోకాలంత ఎత్తున్న మెట్టు మీదకి కాలు లేపలేక అలా నిలబడిపోతారు, వెనకనుంచి ఎవరో ఒకరు ఎక్కిస్తే ఎక్కినట్టు. ఆటోకెళ్తే ఆ 4,000 ఏ మూలకండీ?

ఒకటో తారీఖున వార్డు సచివాలయం స్టాఫ్ పెన్షన్ పట్టుకుని గడపగడపకీ వస్తూనే ఉన్నారు. ఒంటరిగా ఎవరున్నారు, నడవలేనివాళ్ళెవరు, బీపీ షుగరు మందులు ఎవరికి అందట్లేదు, అదీ రాసుకోమనండి, పెన్షన్ లిస్టులో లేని ముసలివాళ్ళ ఇళ్ళకి కూడా వెళ్ళమనండి. విశాఖకి ఎలక్ట్రిక్ బస్సులు వస్తాయంటున్నారు, అవి కిందకి ఉండే మెట్టువి కొనమని మీ పేపర్ ద్వారా అధికారులని అడుగుతున్నాను.

ఇట్లు
ఒక పాఠకురాలు,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం