నాయనమ్మ కాలు కడిగే పద్ధతి

పెరంబూరు, చెన్నై

చిరంజీవి వంశీకి,

అమ్మ ఆశీస్సులు. అక్క పురుడుకి నేను వెళ్ళాలి కాబట్టి అన్నాళ్ళూ నాయనమ్మ బెంగళూరులో నీ దగ్గరే ఉంటుంది. "చూసుకుంటాలే అమ్మా" అన్నావు. ఆ వెంటనే, ఆవిడ బోదకాలు రూమ్‌లో ఉన్న మిగతా ఇద్దరికీ అంటుకుంటుందేమో అని మెల్లగా అడిగావు. అడిగి మంచి పని చేశావు. ఫోన్లో చెబితే సగం చెవిన పడదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

అంటుకోదు. ఆ కాలు ముట్టుకున్నా, ఆవిడ పక్క మీద పడుకున్నా ఏమీ కాదు. వంశంలో వచ్చే జబ్బు కూడా కాదు. ఇది దోమ వల్ల వచ్చింది. ఆవిడ పుట్టి పెరిగింది కాకినాడ వైపు. అక్కడ మురుగు నీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమలు చిన్నప్పటి నుంచీ కుట్టీ కుట్టీ, సన్న దారం లాంటి పురుగులు ఒంట్లో చేరాయి. ఆ పురుగులు ఎప్పుడో చచ్చిపోయాయి. వాటి పిల్లలు రాత్రి పదింటి తర్వాతే చర్మం దగ్గరి రక్తంలోకి ఎక్కువగా వస్తాయి కాబట్టి రాత్రి పూట రక్తం తీయించి మరీ పరీక్ష చేయించాం, ఏమీ కనబడలేదు. సైన్సు టీచర్ని కదా, ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఈ పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని ప్యాట్రిక్ మ్యాన్సన్ అనే డాక్టరు చైనాలో 1877లో కనిపెట్టాడు. మలేరియా దోమ సంగతి రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో తేల్చింది ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి, 1897లో. దోమ వల్ల మనిషికి జబ్బు వస్తుందనే ఆలోచనకి దారి వేసింది ఈ బోదకాలే.

పురుగు చచ్చాక కూడా వాపు ఎందుకు పోలేదంటావా? రక్తం సన్న నాళాల్లోంచి వెళ్ళేటప్పుడు అందులోని నీరు కొంత బయటికి, కండల్లోకి ఊరుతుంది. చాలా భాగం మళ్ళీ రక్తంలోకే చేరుతుంది. మిగిలిపోయేది రోజుకి రెండు మూడు లీటర్లు ఉంటుంది. దాన్ని, దాంతో పాటు ప్రోటీన్లనీ సూక్ష్మజీవుల్నీ పోగుచేసి తీసుకెళ్ళేవి లింఫ్ నాళాలు. వాటిలో పారే ఆ నీటినే లింఫ్ అంటారు. గజ్జల్లో, చంకల్లో, మెడలో ఉండే బిళ్ళలు ఆ లింఫ్‌ని వడకడతాయి. కాళ్ళ నుంచి బయల్దేరింది ఛాతీలోని పెద్ద నాళం గుండా పోయి, ఎడమ మెడ కింద సిరలో కలుస్తుంది. దీన్ని నడిపించడానికి గుండె లాంటిది వేరే లేదు. నాళాల గోడలు ముడుచుకోవాలి, పిక్క కండ కదలాలి, ఊపిరి ఆడాలి. వెనక్కి జారకుండా లోపల చిన్న కవాటాలు ఉంటాయి. పురుగులు ఏళ్ళ తరబడి తిష్ట వేసింది ఆ నాళాల్లోనే. అవి సాగిపోయి కవాటాలు పాడయ్యాయి. కాలువ పూడితే మన వీధిలో వాన నీళ్ళు నిలిచినట్టు, ఆవిడ కాల్లో నీరు నిలిచిపోయింది. నిలిచిన చోట చర్మం మందమైంది, మడతలు పడింది.

ప్రభుత్వం ఊళ్ళలో పంచే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు రక్తంలో తిరిగే పురుగు పిల్లల్ని చంపుతాయి. ఒకరి నుంచి దోమ ద్వారా ఇంకొకరికి పోకుండా ఆపుతాయి. పాడైన నాళాన్ని బాగుచేయలేవు. "నాకేం, బాగానే ఉన్నా" అంటూ చాలామంది ఆ మాత్రలు తీసుకుని అలమారలో పడేస్తారని వింటే నాకు కడుపు మండిపోతుంది. ఆ మాత్రలు సరిగ్గా బాగున్నవాళ్ళ కోసమే.

ఇక నువ్వు చేయాల్సిన పని. దీన్ని మాత్రం ఒక్క రోజు కూడా వదలకు. రాత్రి భోజనానికి ముందు ఆవిడ్ని కుర్చీలో కూర్చోబెట్టి, మామూలు నీళ్ళతో, మామూలు సబ్బుతో కాలు కడుగు. వేడినీళ్ళు వద్దు, పీచు వద్దు, చేత్తోనే. మోకాలి నుంచి కిందికి రా. మడతలు వేలితో విడదీసి లోపల కడుగు, వేళ్ళ సందులు ఒక్కొక్కటీ కడుగు. సబ్బు జిగురు పోయేదాకా నీళ్ళు పొయ్యి. తర్వాత మెత్తటి బట్టతో అద్దు, రుద్దకు. వేళ్ళ మధ్య తువ్వాలు దూరదు, సన్నటి గాజుగుడ్డ పెట్టాను, దాన్ని మడిచి దూర్చి తడి లేకుండా తీయి. అప్పుడు ఫోన్ టార్చి వేసి చూడు. మడమ వెనక ఒక లోతు మడత ఉంది, అది ఆవిడకి కనబడదు. పోయిన వానాకాలం అక్కడ చర్మం తెల్లగా నాని చిన్న చీలిక వచ్చింది, బియ్యపు గింజంత కూడా లేదు. మర్నాడు రాత్రికే పళ్ళు కొట్టుకునే చలి, జ్వరం. కాలు ఎర్రగా కాలిపోయింది, గజ్జలో బిళ్ళ కట్టింది. ఆ చీలికలోంచి బ్యాక్టీరియా లోపలికి పోయింది, అంతే. అలా జ్వరం వచ్చినప్పుడల్లా మిగిలిన నాళాలు ఇంకాస్త పాడై కాలు మరింత లావెక్కుతుంది. వాపు పూర్తిగా పోదు కానీ ఈ జ్వరాలు రాకుండా ఆపడం మన చేతుల్లో ఉంది.

ఈ జ్వరం అమావాస్యకీ పున్నమికీ వస్తుందని నాయనమ్మ లెక్కలు చెబుతుంది. విను, కాదనకు. కానీ జ్వరం వస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు, యాంటీబయాటిక్ కావాలి. ఆలోపు కాలు ఎత్తులో పెట్టి, తడిగుడ్డ వేసి, పారాసిటమాల్ ఇవ్వు. కాపడం పెట్టడం, ఆకు పసర్లు పూయడం వద్దే వద్దు. జ్వరం ఉన్నప్పుడు కట్టు కట్టకు, నడిపించకు. మామూలు రోజుల్లో మాత్రం అదే పనిగా కూర్చోనివ్వకు, వరండాలో అయినా అటూ ఇటూ నడిపించు.

నువ్వు కాలు ముట్టుకోబోతే ఆవిడ ఒప్పుకోదు. "మగపిల్లాడివి, నీకెందుకురా" అంటుంది. దణ్ణం పెట్టడానికి పనికొచ్చిన కాళ్ళు కడగడానికి పనికిరావా అని అడుగు. ఆ కాలు పదిమందిలో కనబడుతుందని ఎన్ని పెళ్ళిళ్ళకి మానేసిందో నేను చూశాను. నీ స్నేహితులు వచ్చినప్పుడు ఆవిడ్ని గదిలోకి పంపకు. అందరితో పాటు కూర్చోబెట్టు.

ఇక నీ మెడ దగ్గర బిళ్ళ ఉబ్బిందన్నావు కదా, దాని సంగతి. గొంతు నొప్పి ఉన్నప్పుడు అక్కడి బిళ్ళలు ఉబ్బడం మామూలే, లోపల పోరాటం జరుగుతోందని అర్థం. మూడు వారాలైనా తగ్గకపోయినా, నొప్పి లేకుండా గట్టిగా పెరుగుతున్నా, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నా వెంటనే చూపించుకో. మన దేశంలో అలాంటి బిళ్ళలకి తరచూ కనిపించే కారణం టీబీ. కొందరికి లింఫోమా అనే క్యాన్సర్ కూడా కావచ్చు. రెండింటికీ వైద్యం ఉంది. సూదితో కొంచెం తీసి పరీక్షిస్తారు. నెట్‌లో చదువుకుని టెన్షన్ పడుతూ కూర్చోకు.

నాన్న, నాయనమ్మ ఆదివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నారు, కంటోన్మెంట్‌లో దిగుతారు. దారిలో గంటకోసారి పాదం పైకీ కిందికీ ఆడించమని నాన్నకి చెప్పాను. క్రీము, గాజుగుడ్డ, పట్టీ చెప్పులు సంచిలో పై అరలోనే పెట్టాను. ఆవిడ పాదం పట్టేంత వెడల్పు టబ్బు ఒకటి ముందే కొని ఉంచు. మొదటి వారం రోజూ మడమ వెనక మడత ఫోటో తీసి నాకు పంపు.

అమ్మ