నలిగిన స్కోర్ షీట్

చిట్టీ,

ఆదివారం నిన్ను హాస్టల్లో దింపి ఇంటికొచ్చాక చూసుకుంటే నీ చెస్ స్కోర్ షీట్, అదే ఎత్తులు రాసుకునే కాగితం, నా చొక్కా జేబులోనే ఉంది. హాల్లోంచి బయటికి వస్తూ ఉండ చుట్టి నా చేతిలో పెట్టావు కదా. దాన్ని విప్పి, సాపు చేసి, అన్నం తిన్నాక బోర్డు ముందేసుకుని మొదట్నుంచీ ఆడి చూశాను. లైటు ఆపమని మీ అమ్మ రెండుసార్లు కేకేసింది.

పదో ఎత్తు దాకా నీ ఆట బాగుంది. నీ మనసు కోసం అంటున్న మాట కాదు. పదకొండో ఎత్తులో ఆ అబ్బాయి గుర్రాన్ని డి5 గడిలో పెట్టాడు. నువ్వేమో మంత్రిని హెచ్4కి తీసుకెళ్లిపోయావు. (మీ కోచ్ సార్ క్వీన్ అంటారు, నాకది మంత్రే.) నీ కన్నంతా ఎఫ్2 బంటు మీదే. సి5లో ఉన్న నీ శకటు కూడా అటే గురి పెట్టింది కాబట్టి నాకూ ఆశ పుట్టింది. కానీ నీ సి7 బంటుకి అప్పటిదాకా కాపలా ఉన్నది ఆ మంత్రి ఒక్కటే! అది లేచి వెళ్లగానే గుర్రం బంటుని కొట్టి అక్కడే కూర్చుంది. ఇ8లో రాజుకి చెక్, ఏ8లో ఏనుగుకి గండం, రెండూ ఒకే దెబ్బకి. చెక్ పడ్డాక ఎఫ్2ని కొట్టే తీరిక నీకెక్కడిది? రాజుని జరిపావు, ఏనుగు పోయింది. అక్కడి నుంచి షీట్ మీద నీ అక్షరాలు చీమల్లా చిన్నవైపోయాయి.

మంత్రిని కదపకుండా సి6 వేసి ఉంటే ఆ గుర్రం వెనక్కి పోవాల్సిందే. ఒక బంటు ఒక గడి జరిగితే సరిపోయేది.

ఇకమీదట ఒక పని చెయ్యి. ఎదుటివాళ్లు ఎత్తు వేయగానే ముందు దాన్ని షీట్ మీద రాయి. రాస్తున్నంతసేపూ ఆ పావు ఇక్కడికి ఎందుకొచ్చింది, ముందటి గడిలోంచి కొట్టలేనిది ఇప్పుడేం కొట్టగలదు అని చూడు. నీ ఎత్తు మాత్రం వేశాకే రాయాలి, ముందే రాస్తే ఆర్బిటర్, అంటే ఆట తీర్పరి, ఊరుకోరు. ఇంకో సంగతి, పావు మీద చెయ్యి వేసే ముందు అది దేనికి కాపలా కాస్తోందో చూసుకో. ముట్టుకున్నాక కదపక తప్పదు.

అలాగని ప్రతిదానికీ హడలిపోకు. మూడో రౌండులో బంటుని హెచ్6కి ఎందుకు జరిపావు? అది కాపలా కాసే జి5కి వాళ్ల పావు ఒక్కటీ రాలేదు. లేని దొంగకి తాళం వేస్తూ ఒక ఎత్తు పోగొట్టుకున్నావు. నన్నడిగితే పదకొండో ఎత్తు కన్నా ఇదే పెద్ద తప్పు.

నీకు క్రామ్నిక్ సంగతి చెప్పానో లేదో. 2006లో జర్మనీలోని బాన్‌లో డీప్ ఫ్రిట్జ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో ఆరు ఆటల మ్యాచ్ ఆడాడు. అప్పటికి ప్రపంచ ఛాంపియన్. రెండో ఆటలో కంప్యూటర్ గుర్రం ఎఫ్8లో, క్రామ్నిక్ రాజు పక్కనే ఉంది. దాని అండతో కంప్యూటర్ మంత్రి హెచ్7కి వస్తే ఒక్క ఎత్తులో ఆటకట్టు. ఆయన తన మంత్రిని ఇ3కి జరిపాడు. అంతే, అయిపోయింది. ఎదుటివాళ్ల గుర్రం మనవైపు చివరి వరసలో నిలబడి వెనక్కి కాపలా కాయడం అరుదుగా చూస్తాం, అందుకే కన్ను దాటేసి ఉంటుందని నాకనిపిస్తుంది. మ్యాచ్ 4–2తో కంప్యూటర్ గెలిచింది. ఆయన షీట్ నలిపాడో లేదో మరి!

నీ షీట్ దీంతో పంపిస్తున్నాను. డి5 పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టాను. అమ్మ సున్నుండలు కట్టింది, రూమ్‌లో అందరికీ పెట్టు.

మన ఉత్తరాల ఆటలో నా వంతు: గుర్రం సి3కి. ఎందుకొచ్చిందో ఒక ముక్క రాసి, ఆ కింద నీ ఎత్తు రాయి.

నాన్న