నీ పేపర్ల కట్ట రాలేదు

విజయవాడ,
24 ఆగస్టు 2013

చి. భార్గవికి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నీ క్షేమం వెంటనే తెలియజేయవలెను. ఎప్పుడూ ఈ ముక్క అలవాటుకొద్దీ రాసేవాణ్ణి. ఈసారి అలా రాయలేదు.

ఇక్కడి విశేషాలు నీకు తెలిసే ఉంటాయి. సమైక్యాంధ్ర సమ్మెతో పన్నెండో తారీకు రాత్రి నుంచి ఆర్టీసీ బస్సులు లేవు. బెంజి సర్కిల్ దగ్గర రోజూ వంటావార్పు. మీ పెదనాన్న రోజూ పోయి ఆ ఎండలో కూర్చుని వస్తున్నాడు, రాత్రికి కాళ్ళు లాగుతున్నాయని అమృతాంజనం అడుగుతాడు. ఉల్లిపాయల ధర చూసి మీ అమ్మ సాంబారులో ఉల్లిపాయ మానేసి ములక్కాడతో సరిపెడుతోంది. అమ్మ మోకాలు కాస్త నయం. సూర్యారావుపేటలో ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు అడ్వాన్సు ఇంకా అడుగుతున్నారు, అది నేను చూసుకుంటాలే.

ఈ ఉత్తరం ముఖ్యంగా నువ్వు ప్రాగ్ నుంచి పంపే ఇంగ్లీషు పేపర్ల గురించి. నెల మొదటి వారంలో వచ్చే ఆ గోధుమరంగు కవరు జూలైలో రాలేదు. ఆగస్టులోనూ రాలేదు. పోస్ట్‌మాన్‌ని మూడుసార్లు అడిగాను. బంద్‌ల వల్ల పోస్టాఫీసు ఒకరోజు తీస్తే ఒకరోజు మూస్తున్నారు, అక్కడే ఎక్కడో పడుంటుందని సరిపెట్టుకున్నాను. మొన్న ఇంటర్నెట్ సెంటరు శీను కంప్యూటర్లో చూసి చెప్పాడు, ప్రాగ్ పోస్ట్ అచ్చు వేయడం జూలైతో ఆపేశారట, ఇక ఇంటర్నెట్‌లోనేనట. అలాగైతే కవరు రాకపోవడం నీ తప్పు కాదు. పంపడానికి పేపరే లేనప్పుడు నువ్వేం పంపుతావు? మీ అమ్మకీ ఇదే చెప్పాను. అది నన్ను ఒక చూపు చూసి, "పేపరు ఆగింది సరే, ఫోనుకేమైంది?" అంది. నా దగ్గర జవాబు లేదు. నేను నిన్ను అడగడంలేదు. అది అన్నమాట రాశానంతే.

ఒకే నెలలో రెండు పోయాయమ్మా. జూలై 14తో మన దేశంలో టెలిగ్రాం ఆగిపోయింది. ఆ చివరి రోజు శీనుని బండి మీద తీసుకుపోయి నీకొకటి ఇద్దామనుకున్నాను, బయటి దేశాలకి కుదరదన్నారు. అందుకని మీ రాజమండ్రి అత్తయ్యకి ఇచ్చాను, "అంతా క్షేమం" అని. పాపం, ఆవిడ టెలిగ్రాం చూడగానే ఎవరో పోయారనుకుని ఏడ్చేసిందట.

ఆ పేపరు నాకు ఎంత అలవాటైందో నీకు తెలియదు. నువ్వు నాకు కాలక్షేపమని పంపేదానివి. నేను ఎర్రపెన్ను పట్టుకుని చదివేవాణ్ణి. ముప్పై ఏళ్ళ ప్రూఫ్ రీడర్ చెయ్యి ఊరుకోదు కదా. తప్పులు తక్కువే. చెక్ పేర్ల మీద ఆ కొక్కేలూ గీతలూ చూసి, వాటిని సరిచూసే ఉద్యోగం నాకు రాకుండా కాపాడిన దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆడవాళ్ళ ఇంటిపేర్లన్నీ "ఓవా" అని ఎందుకు ముగుస్తాయో మొదట అర్థం కాలేదు. ఒకే పెద్ద కుటుంబం ఊరంతా ఏలుతోందనుకున్నాను! వాళ్ళ మాజీ అధ్యక్షుడు హావెల్ పోయినప్పటి సంచిక ట్రంకు పెట్టెలో దాచాను, మీ తాతయ్య జాతకాల పక్కన.

వార్తల కంటే చిన్న ప్రకటనలు ఎక్కువ చదివేవాణ్ణి. వినోహ్రాడిలో గది అద్దెకు, ఇంగ్లీషు చెప్పే టీచర్లు కావలెను, దేశం వదిలి వెళ్తున్నాం సోఫా అమ్మకానికి. ఆ మూడోరకం ప్రకటనలు చూసినప్పుడల్లా అనుకునేవాణ్ణి, ఈ పేపరుకి పాఠకులు నిలవరని. మన ఊళ్ళో తాత వేయించుకున్న పేపరునే మనవడూ వేయించుకుంటాడు, అలవాటుకో బద్ధకానికో. అక్కడివాళ్ళు రెండేళ్ళకో మూడేళ్ళకో పెట్టె సర్దుకుంటారు. అద్దెకున్నవాడు గోడకి మేకు కొట్టడు కదా. పైగా గది అద్దె ప్రకటనలూ ఉద్యోగాల ప్రకటనలూ ఇంటర్నెట్‌కి పోయాక పేపరుకి తిండెక్కడిది? బుడాపెస్ట్‌లో ఇలాంటిదే, బుడాపెస్ట్ సన్ అనేది, 2009లోనే పోయింది. ఏథెన్స్ న్యూస్ పోయినేడు. శీను చేత అన్నీ వెతికించాను. వాడు గంటకి ఇరవై రూపాయలు తీసుకోనన్నాడు, బలవంతంగా ఇచ్చాను.

ఆ ప్రాగ్ పోస్ట్ మొదలైంది 1991 అక్టోబరులో. కమ్యూనిస్టులు దిగిపోయి రెండేళ్ళు కాలేదు. అమెరికా కుర్రాళ్ళు వేలమంది ఆ ఊరికి ఎగబడ్డారట, బీరు చవక, గది చవక, నవల రాసేద్దామని. పేపరు పెట్టినవాళ్ళూ కుర్రాళ్ళే. సంపాదకుడు మాత్రం పెద్దమనిషి, ఆలన్ లెవీ. అరవైల్లో అక్కడే ఉండి, రష్యా టాంకులు వచ్చిన కాలమంతా చూసి రాసి, 1971లో దేశం నుంచి గెంటించుకుని, వియన్నాలో ఇరవై ఏళ్ళు కూర్చుని, మళ్ళీ వచ్చినవాడు. తొంభైల ప్రాగ్‌ని ఒకప్పటి పారిస్‌తో పోల్చి ఆయన మొదటి సంచికలోనే రాస్తే, ఆ మాట పట్టుకుని ఇంకాస్తమంది దిగారట. అదే ఏడాది ప్రాగ్నోసిస్ అని ఇంకొకటి పెట్టారు, అది 1995కే మూతపడింది. ఇది ఇరవై ఒక్క ఏళ్ళు నడిచింది. పరాయి ఊళ్ళో పరాయి భాష పేపరుకి అది తక్కువ ఆయుష్షేం కాదు.

మనవాళ్ళ ఆంధ్రపత్రిక మాత్రం? 1908లో బొంబాయిలో కదా పుట్టింది. నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం అమ్మిన డబ్బుతో నడిపారు. పొట్టకూటికి పోయిన ఊళ్ళో మన అక్షరం కనబడాలనే ఆశ అందరికీ ఒకటేనమ్మా. 1914లో మద్రాసు మార్చి దినపత్రిక చేశారు. కలిసిరాని చోటు వదిలి ఇంకో చోటికి మారడం తప్పేమీ కాదు. ఎవరికీ తప్పు కాదు.

అన్నట్టు, రమణమూర్తి బావగారబ్బాయి మీ దేశంలోని బ్రనో ఊరి నుంచి వచ్చాడు, పదిహేను రోజుల సెలవు మీద. మంచి కుర్రాడే, నోరే కాస్త వదులు. మే నెలాఖరున నిన్ను ట్రాములో చూశానన్నాడు, చేతిలో పెద్ద సంచులున్నాయన్నాడు, గది మారుతున్నావన్నాడు. ఇంకా ఏదో అన్నాడు, మీ ఆఫీసు గురించి. నేను సగమే విన్నాను. మీ అమ్మ వంటింట్లో ఉంది, మిక్సీ ఆన్‌లో ఉంది, ఏమీ వినలేదు. మిగతాది నేను అతన్ని అడగలేదు. ఊళ్ళోవాళ్ళు చెప్పేది కూతురు చెప్పకముందే వినడం నాకిష్టం లేదు.

జూన్‌లో వరద వచ్చినప్పుడు కూడా ఇంతే. వల్తావా నది పొంగి చార్లెస్ వంతెన మూసేశారని, మెట్రో స్టేషన్లు ఆపేశారని టీవీలో చూసి రెండు రోజులు ఫోను చేస్తే నువ్వు ఎత్తలేదు. మూడోరోజు ఎత్తి, "మా గది గుట్ట మీద ఉంది నాన్నా, ఎందుకంత టెన్షన్" అన్నావు. 2009లో బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు చూసినవాణ్ణి, కృష్ణలంకలో మీ అత్తయ్య సామాను డాబా మీదికి మోసినవాణ్ణి, నాకు నీళ్ళంటే టెన్షన్ కాక ఏముంటుంది? వరద బొమ్మలు వేసిన సంచిక ఆలస్యంగా వచ్చిన జూన్ కవరులో ఉంది. అదే చివరి కవరు. దాని మీద పంపినవారి చిరునామా రాయలేదు నువ్వు. ఎప్పుడూ రాసేదానివి.

పేపర్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు, మీ అమ్మకి సగం తెలుసు. 1977 నవంబరు, దివిసీమ ఉప్పెన. నేను పేపరాఫీసులో చేరి ఆర్నెల్లు, రాత్రి డ్యూటీ. దివి నుంచి పేర్ల జాబితాలు వస్తున్నాయి, పోయినవాళ్ళవి, దొరికినవాళ్ళవి. తడికాయితాల మీద పెన్సిలు రాత. సీసం అక్షరాలు పేర్చే కంపోజిటర్లలో ఇద్దరిది అవనిగడ్డ వైపు. వాళ్ళు తమవాళ్ళ పేర్లు వస్తాయేమోనని చూసుకుంటూ పేరుస్తున్నారు. ఆఫీసు అరుగు మీద ఒక పెద్దాయన పడుకునేవాడు, నాగాయలంక దగ్గర పల్లె. ఇల్లు పోయింది, పెళ్ళాం పోయింది. ఒక్కడే కొడుకు, గుడివాడ రైసుమిల్లులో పని. ఉప్పెన నాటికి వాడు ఊరికి బయల్దేరాడో లేదో ఈయనకి తెలియదు. మిల్లుకి వెళ్తే ఇక్కడ లేడన్నారట. రాత్రి రెండింటికి, తప్పులు దిద్దడానికి తీసే గాలీ ప్రూఫు తడిగా బయటికి రాగానే కిటికీ దగ్గరికి వచ్చేవాడు. "బాబూ, మావాడు ఎందులో ఉన్నాడు?" అనేవాడు. చదువు రాదు. నేను జాబితా అంతా పైకి చదివేవాణ్ణి. మా ఇన్‌చార్జి కసిరాడు, పేజీ ఆలస్యమవుతోందని. అయినా చదివాను. ఎనిమిది రాత్రులు.

తొమ్మిదోనాడు "కనబడుటలేదు" అని నాలుగు లైన్లు ఒక మూల ఇరికించాం, డబ్బుల్లేకుండా. తొందరలో కొడుకు పేరు తప్పు పడింది, వెంకటేశ్వరరావుకి వెంకటేశ్వర్లు అయింది. ప్రూఫు దిద్దింది నేనే. అయినా తాడేపల్లిగూడెంలో టీకొట్టు దగ్గర ఎవరో పైకి చదువుతుంటే, తండ్రి పేరూ ఊరి పేరూ విని కుర్రాడు గ్లాసు కింద పెట్టేశాడట. సంగతేమిటంటే, మిల్లులో వాడి పని పోయి అప్పటికి నాలుగు నెలలైంది. నాన్నకి చెప్పడానికి మొహం చెల్లక తాడేపల్లిగూడెం పోయి బస్తాలు మోస్తున్నాడు. కాస్త డబ్బు కూడాక కార్డు రాద్దామనుకున్నాడట. ఉప్పెన కబురు విన్నాక, ఊరంతా పోయింది ఇంకెవరికి రాయాలని అక్కడే కూలబడిపోయాడు.

వాడు మా ఆఫీసు మెట్లెక్కి వచ్చిన పొద్దున నేను డ్యూటీ దిగుతున్నాను. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు, ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. పెద్దాయన లేచి, ఆ గుండీలన్నీ పైనుంచి కిందికి విప్పి, మళ్ళీ వరసగా పెట్టాడు. ఇద్దరూ ఒక్కమాట మాట్లాడుకోలేదు. నేను పేరు తప్పు పడినందుకు క్షమించమన్నాను. ఆయనకి ఏ తప్పో కూడా అర్థం కాలేదు.

ఇదంతా పేపరు విలువ చెప్పడానికి రాశాను. ఇంకో ఉద్దేశం లేదు.

సరే. అక్కడ ఉన్నన్నాళ్ళూ నాలుగు మాటలు గుర్తుపెట్టుకో. వీసా కాయితాలు ఒకే ఫైలులో పెట్టు, ఉద్యోగానికీ వీసాకీ ముడి ఉంటుందని ఆ పేపర్లోనే చదివాను, ఎన్నిరోజుల గడువుంటుందో కనుక్కుని ఉంచుకో, ఊరికే తెలుసుకోవడానికి. గది అడ్వాన్సు రసీదు లేకుండా ఇవ్వకు. రాత్రిపూట బ్రెడ్డుతో సరిపెట్టకు, అన్నం వండుకో, కుక్కరు వాచరు పోతే చెప్పు, పంపుతాను. ఉపన్యాసం చెప్పనని ఒట్టేసుకుని కూర్చున్నాను ఈ ఉత్తరానికి. మీ అమ్మ వెనకనుంచి చదివి నవ్వుతోంది. అందుకే బ్రనో కుర్రాడి పేజీ బ్లాటింగు పేపరు కింద పెట్టాను.

నా పెన్షన్ ఖాతాలో డబ్బు ఊరికే ఉంది. రూపాయి రోజురోజుకీ పడిపోతోంది, యూరోకైనా మీ క్రౌన్‌కైనా మార్చి ఉంచుకోవడమే తెలివైన పని అని బ్యాంకులో పనిచేసే మన ప్రసాదం అన్నాడు. నీ ఖాతా నెంబరు అదే కదా? అదే అయితే అదే అని ఒక్కముక్క రాయి చాలు.

గోంగూర పచ్చడి, కందిపొడి, మునగాకు పొడి కట్టి ఉంచింది అమ్మ. కొరియర్‌కి సరైన చిరునామా కావాలి. ఈ ఉత్తరం పాత చిరునామాకే వేస్తున్నాను, ఇంకోటి నా దగ్గర లేదు. కవరు వెనక మన ఇంటి నెంబరు పెద్ద అక్షరాలతో రాశాను. నువ్వు లేకపోతే తిరిగి నాకే వస్తుంది. అలా రాకూడదని కోరుకుంటున్నాను.

ఆశీస్సులతో,
నాన్న

తా.క.: ఫోను చేయడానికి వేళ చూసుకోకు. అక్కడ రాత్రి పదిన్నర అయితే ఇక్కడ రెండు. ఆ వేళకి నేను నిద్రపోవడం ఇంకా నేర్చుకోలేదు. ఫోను హాల్లోంచి తీసి మంచం పక్కన పెట్టుకున్నాను, అమ్మ లేవదు.