34 బ్యారేజీల దూరం

బోస్టన్,
ఆదివారం రాత్రి

నాన్నా,

నువ్వూ అమ్మా ఎలా ఉన్నారు? మొన్న ఫోన్లో "ఏం చదువుతున్నావే ఈమధ్య?" అని నువ్వడిగితే మాట మార్చేశాను. ఇక్కడికొచ్చిన నాలుగేళ్ళలో నేను ఆఖరిదాకా చదివిన పుస్తకం ఒక్కటీ లేదు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్ల ముందు నీ చెయ్యి పట్టుకుని గంటలు గంటలు నిలబడ్డదాన్ని, జనవరిలో పుస్తకాల పండగకి రోజూ తీసుకెళ్ళమని ఏడ్చినదాన్ని, ఇప్పుడు నిద్రొచ్చేదాకా ఫోన్ చూస్తూ కూర్చుంటున్నాను.

పోయిన నెల వానకి తడవకుండా లైబ్రరీలో దూరాను. చదవడానికి కాదులే. బల్ల మీద ఎవరో వదిలేసిన సన్నపాటి పుస్తకం ఉంది. జపాన్ రచయిత హరుకి మురకామి తన పరుగు గురించి రాసుకున్నది. నాలుగు పేజీలు తిప్పానో లేదో, మా చార్లెస్ నది కనిపించింది! ఆయన ఇక్కడే నది అవతలున్న కేంబ్రిడ్జిలో ఉన్నప్పుడు ఈ గట్టు మీదే పరిగెత్తేవాడట. రోజూ బస్సులోంచి నేను చూసే గట్టే.

అంతకుముందు ఆయన జాజ్ బార్ నడిపేవాడు, రోజుకి 60 సిగరెట్లు కాల్చేవాడు. 1982లో, 33 ఏళ్ళ వయసులో పరుగు మొదలుపెట్టాడు. (నాకూ ఇప్పుడు 33. అదో పిచ్చి సంబరం.) మరుసటేడు జూలై ఎండలో, గ్రీసులో ఏథెన్స్ నుంచి మారథాన్ అనే ఊరిదాకా పరిగెత్తాడు. రోహిణి కార్తెలో బెజవాడ రోడ్ల మీద తిరిగినదాన్ని కదా, ఆ పేజీలు చదువుతుంటే నాకు నాలిక పిడచకట్టుకుపోయింది. మారథాన్ పందెమంటే 42.195 కిలోమీటర్లు. లెక్క వేశాను. మన ప్రకాశం బ్యారేజీ 1,223 మీటర్లు. సీతానగరం వైపు, మళ్ళీ ఇటు, 34 సార్లు దాటినా ఇంకో సగం బ్యారేజీ మిగిలిపోతుంది! 1996లో అయితే ఆయన ఏకంగా 100 కిలోమీటర్లు పరిగెత్తాడు, 11 గంటల 42 నిమిషాల్లో.

ఒకచోట మాత్రం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఆగిపోయాను. ఇంకా రాయగలను అనిపిస్తున్నప్పుడే ఆయన ఆ రోజుకి రాయడం ఆపేస్తాడట, మర్నాడు పని సులువుగా అందుకుంటుందని. నువ్వే గుర్తొచ్చావు. కథ మంచి పట్టులో ఉండగా సిటీ బస్సు టికెట్ పేజీల మధ్య పెట్టి లేచిపోయేవాడివి. "తర్వాతేమైంది నాన్నా" అని వెంటపడితే "రేపటికి ఉండనీయవే" అనేవాడివి. అప్పట్లో నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇప్పుడు రోజుకి పది పేజీలు. టికెట్ బదులు కిరాణా కొట్టు బిల్లు పెడుతున్నాను. ట్రయథ్లాన్ (ఈత, సైకిలు, పరుగు మూడూ కలిసిన పందెం) గురించి రాసిన భాగం మాత్రం నాకు సాగలేదు, దాటేశాను. పరుగు కూడా మొదలుపెట్టాను. మొదటిరోజు ఉత్సాహం ఎక్కువై, తర్వాత రెండు రోజులు మెట్లెక్కలేకపోయాను. ఇప్పుడు నెమ్మదిగా రెండు కిలోమీటర్లు. తెల్లజుట్టు మామ్మగారొకావిడ రోజూ నన్ను దాటుకుంటూ, చెయ్యి ఊపి మరీ వెళ్తుంది.

నీకు ఇంగ్లిష్ పుస్తకమంటే విసుగని తెలుసు. వచ్చే ఆదివారం ఆ ఏథెన్స్ ఎండ భాగం ఫోన్లో నేనే తెలుగులో చెప్తాను, అమ్మని కూడా కూర్చోబెట్టు. అన్నట్టు, అటక మీద నా పుస్తకాల పెట్టె తూకానికి వేసేయమని అమ్మకి చెప్పాను కదా. ఇంకా వేయకపోతే ఆపమను.

నీ పెద్దమ్మాయి