కోటి లోపు కొట్టుకు అక్కర్లేని ఆడిట్ మాకెందుకమ్మా?

కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం. పేద పిల్లలకు సాయంత్రం పూట చదువు చెప్పించే ఒక చిన్న ట్రస్టుకు నేను కోశాధికారిని. ఏడాదికి రాబడి ఆరేడు లక్షలు. ఖర్చంతా ఒక పొడుగు పుస్తకంలో ఉంటుంది: చాక్‌పీసులు 60, ట్యూబ్‌లైటు 240. కొట్టేసి దిద్దిన ప్రతిచోటా నా పొట్టి సంతకం కూడా ఉంటుంది.

పన్ను పడని పరిమితి దాటితే చాలు, ట్రస్టు చార్టర్డ్ అకౌంటెంటుతో ఆడిట్ చేయించాలి. ఆ పరిమితి ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు, ఒక చిరుద్యోగి ఏడాది జీతమంత. అదే మా వీధి చివరి హార్డ్‌వేర్ షాపుకైతే మామూలుగా అమ్మకాలు కోటి దాటాకే ట్యాక్స్ ఆడిట్. నగదు లావాదేవీలు 5 శాతం మించకపోతే 10 కోట్ల దాకా లేదు. లాభానికి కూర్చున్నవాడి మీద ఉన్న నమ్మకం మా మీద లేదా?

ట్రస్టు పేరుతో నల్లడబ్బు తెల్లగా చేసుకునేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఆడిటర్ సంతకం లేకనా వాళ్లు దొరకనిది?

సెప్టెంబరు వస్తే మాకు టెన్షన్. 30లోపు ఆడిట్ రిపోర్టు ఆదాయపు పన్ను పోర్టల్లో ఎక్కాలి, ఆడిటర్ ఎక్కించాక ట్రస్టు తరఫున అక్కడే ఆమోదించాలి. మా అధ్యక్షులు డెబ్బై దాటిన మాస్టారు. కింద సిగ్నల్ అందక ఓటీపీ కోసం ఫోను పట్టుకుని డాబా ఎక్కుతారు. గడువు దాటితే పన్ను మినహాయింపుకే ఎసరు, ఆపైన ఆలస్యాన్ని మన్నించమని అర్జీలు. ఆడిటర్ గారు మా దగ్గర తక్కువే తీసుకుంటారు. ఆ తక్కువతోనే ఒక తరగతికి నోటుపుస్తకాలు వస్తాయి.

దాతలకు పన్ను రాయితీ దక్కేందుకు (పాత చట్టంలో 80జీ అనేవారు) ఏటా మే 31లోపు పంపే దాతల జాబితా సంగతి వేరే. నెలనెలా వంద ఇచ్చే టీకొట్టాయన్ని ఆధార్ నంబరు అడిగితే, "వచ్చే నెల చూద్దాంలెండి" అన్నాడు. ఆ వచ్చే నెల ఇంకా రాలేదు.

2025లో 5 కోట్ల లోపు ట్రస్టుల రిజిస్ట్రేషన్ గడువును ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచింది మీరే. సంతోషించాం. చిన్నవాళ్లు వేరని అక్కడ ఒప్పుకున్నారు. 1961 ఆదాయపు పన్ను చట్టం పోయి కొత్తది వచ్చినా ఆడిట్ గీత మాత్రం ఉన్నచోటే ఉంది. దాన్ని 25 లక్షలకు జరపండి. ఆ లోపువాళ్లకు రిటైరైన బ్యాంకు మేనేజరో, లెక్కలు తెలిసిన మరొకరో చూసి సంతకం పెడితే చాలనండి. ఇంగ్లండ్‌లో చిన్న సంస్థలకు ఇలాంటి స్వతంత్ర పరిశీలన ఉంది. మా ఊళ్లో వినాయక చవితి కమిటీ కూడా నిమజ్జనం మర్నాడు పైసాతో సహా మైకులో చదువుతుంది. మా పుస్తకాన్నీ అలాగే చదవమంటే చదువుతాం.

ఇట్లు,
ఒక చిన్న ట్రస్టు కోశాధికారి