ఫైర్ అలారం అమ్మేవారికీ బిగించేవారికీ శిక్షణ, పర్మిట్ తప్పనిసరి చేయండి: ఉపాధి, శిక్షణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర కార్మిక, ఉపాధి, శిక్షణ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, నేను హైదరాబాద్‌లో ఫైర్ అలారాలు బిగించి, చెక్ చేసి, రిపేరు చేసే టెక్నీషియన్‌ని. ఆస్పత్రులు, హోటళ్లు, అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు తిరగడమే నా పని. అగ్నిప్రమాదాల సంగతి అయితే అగ్నిమాపక శాఖకు రాయాలి గానీ నాకెందుకు రాస్తున్నాడని మీకు అనిపించవచ్చు. నేను అడగబోయేది ఫైరింజన్లు కాదు, చదువు. ఐటీఐలు మీ శాఖ కింద ఉన్నాయి కాబట్టి మీకే రాస్తున్నాను.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ హోటల్ భవనంలో, కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి 8 మంది చనిపోయారు. ఆరు నెలలు తిరిగేసరికి, 2023 మార్చి 16 సాయంత్రం, అదే సికింద్రాబాద్‌లో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పోయారు. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి ఉద్యోగాల కోసం వచ్చిన ఇరవై దాటిన పిల్లలు వాళ్లు. 2025 మే 18న పొద్దున్నే చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట్లో 17 మంది, అందులో 8 మంది చిన్నపిల్లలు. ఒక్కో చోట ఒక్కో కారణం ఉంది. అలారం టెక్నీషియన్ తప్పు వల్లే ఇవన్నీ జరిగాయని నేను అనను. కానీ ఈ మూడు చోట్లా మనుషుల ప్రాణం తీసింది ప్రధానంగా పొగ. మెట్ల మీదుగా పైకి పాకిన పొగ, గదుల్లో కమ్ముకున్న పొగ. పొగ వచ్చిందని మొదటి నిమిషంలో తెలిసినవాడు మెట్లు దిగి బయటపడతాడు. పదో నిమిషంలో తెలిసినవాడికి మెట్లే కనబడవు. ఆ మొదటి నిమిషం కోసమే స్మోక్ డిటెక్టర్ ఉంది. అది పనిచేస్తుందా లేదా అన్నది బిగించినవాడి చేతిలో, చెక్ చేసేవాడి చేతిలో ఉంటుంది. ఆ చేతులకు ఎవరూ ఏమీ నేర్పడం లేదన్నదే నా బాధ.

మా పని బయటివాళ్లకు అంతగా తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

ఏ భవనానికి వెళ్లినా నేను ముందు చూసేది ప్యానెల్, అంటే డిటెక్టర్ల వైర్లన్నీ వచ్చి కలిసే కంట్రోల్ పెట్టె. చాలా చోట్ల దాని మీద పసుపు రంగు లైటు వెలుగుతూ ఉంటుంది. ఫాల్ట్ అని అర్థం. ఎక్కడో వైరు తెగి ఉండొచ్చు, డిటెక్టర్ ఊడి ఉండొచ్చు, బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. ఫాల్ట్ వచ్చినప్పుడు ప్యానెల్ కుయ్‌మని అరుస్తుంది. ఆ చప్పుడు భరించలేక సెక్యూరిటీ అతను సైలెన్స్ బటన్ నొక్కుతాడు. "ఎప్పటి నుంచి ఉంది అన్నా ఇది?" అని అడిగితే, "నేను డ్యూటీలో చేరినప్పటి నుంచీ ఇంతే సార్" అంటాడు. అతన్ని ఏమనాలి? అతనికి ఎవరూ చెప్పలేదు.

తర్వాత పైకి చూస్తాను. కొత్త డిటెక్టర్ మీద దుమ్ము పడకుండా కంపెనీవాళ్లు ఒక ప్లాస్టిక్ మూత పెట్టి పంపుతారు. భవనం పని అంతా అయ్యాక ఆ మూతలు తీసేయాలి. గృహప్రవేశాలై, జనం కాపురం ఉంటున్న అపార్ట్‌మెంట్లలో కూడా ఆ మూతలు అలాగే ఉండటం చూశాను. మూత ఉన్న డిటెక్టర్‌లోకి పొగ వెళ్లదు. కానీ ప్యానెల్‌లో అంతా నార్మల్ అనే చూపిస్తుంది. కొన్ని చోట్ల మూత తీసి ఉంటుంది గానీ, పెయింటర్లు సీలింగ్‌తో పాటు డిటెక్టర్‌కూ రంగు వేసేసి ఉంటారు. ఇంకొన్ని చోట్ల ఏసీ గాలి వచ్చే జాలీ పక్కనే బిగించి ఉంటుంది. గదిలో పొగ లేచినా ఏసీ గాలి దాన్ని పక్కకు తోసేస్తుంటే డిటెక్టర్ దాకా చేరదు. ఫాల్స్ సీలింగ్‌కీ స్లాబుకీ మధ్య ఖాళీ 800 మిల్లీమీటర్లు దాటితే ఆ ఖాళీలోనూ డిటెక్టర్ ఉండాలి. వైర్లన్నీ అక్కడే నడుస్తాయి, షార్ట్ సర్క్యూట్ అయితే మంట మొదలయ్యేదీ అక్కడే. ఆ సంగతి తెలియకుండానే సీలింగ్ మూసేస్తారు.

అన్నిటికంటే ప్రమాదం తప్పుడు అలారం. వంటగదిలో వేడిని పసిగట్టే హీట్ డిటెక్టర్ పెట్టాలి. చౌకగా వచ్చిందనో, డ్రాయింగ్‌లో అలా ఉందనో స్మోక్ డిటెక్టర్ పెడతారు. తాలింపు వేసిన ప్రతిసారీ అది మోగుతుంది. ఆస్పత్రిలో ఫాగింగ్ చేసినా, లాడ్జిలో బాత్రూమ్ తలుపు పక్కనే ఉంటే వేడినీళ్ల ఆవిరికైనా మోగుతుంది. రెండుసార్లు మోగితే జనం బయటికి పరుగెత్తుతారు. మూడోసారి ఎవరూ కదలరు. నాలుగోసారికి మేనేజ్‌మెంట్ నుంచి టెక్నీషియన్‌కు ఫోన్ వస్తుంది: ఆ జోన్ ఐసోలేట్ చేసెయ్, అంటే ఆ భాగంలోని డిటెక్టర్లను సిస్టమ్ నుంచి తప్పించెయ్ అని. అతను చేసేస్తాడు. డిటెక్టర్ రకం మార్చాలని, చోటు మార్చాలని, లోపలి దుమ్ము శుభ్రం చేయాలని చెప్పాలంటే అతనికి ముందు కారణం తెలియాలి. కారణం తెలిసినా, కాదు సార్ అని ఎదురు చెప్పాలంటే చేతిలో ఒక కాగితం, వెనక ఒక చట్టం ఉండాలి. రెండూ లేవు. ఐసోలేట్ చేసిన జోన్‌ను మళ్లీ కలిపేవాడు ఉండడు. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రోగులున్న అంతస్తు మొత్తం ఐసోలేషన్‌లో ఉండటం చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ పని చేస్తున్న కుర్రాళ్లు చెడ్డవాళ్లు కారు, బద్ధకస్తులూ కారు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేసినవాళ్లు, డిప్లొమా మధ్యలో ఆపేసినవాళ్లు, సీసీ కెమెరాలు పెట్టుకుంటూ ఇటువైపు వచ్చినవాళ్లు. ముందున్న అన్న ఎలా చేస్తే వీళ్లూ అలాగే చేస్తారు. ఆ అన్నకూ అలాగే వచ్చింది. అగరుబత్తి పెట్టి డిటెక్టర్ చెక్ చేయడం అలా వచ్చిన అలవాటే. దాని జిడ్డు పొగ లోపల అంటుకుని తర్వాత అదే తప్పుడు అలారాలకు కారణమవుతుంది. చెక్ చేయడానికి ప్రత్యేకంగా స్ప్రే డబ్బాలున్నాయి. మన దేశంలో ఫైర్ అలారాలు ఎలా ఎంచుకోవాలో, ఎలా బిగించాలో, ఎలా చూసుకోవాలో చెప్పే ప్రమాణం ఐఎస్ 2189. జాతీయ బిల్డింగ్ కోడ్ 2016లో నాలుగో భాగం మొత్తం అగ్ని, ప్రాణ రక్షణ గురించే. ఈ ఫీల్డులో ఏళ్ల తరబడి పనిచేస్తూ కూడా వీటి పేరు వినని టెక్నీషియన్లు నాకు తెలుసు. తప్పు వాళ్లది కాదు. అవి తెలుగులో లేవు, వాళ్లకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పిన తరగతి గది లేదు.

అయ్యా, మన రాష్ట్రంలో కరెంటు వైరింగ్ చేయాలంటే ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ ఉంది, సూపర్‌వైజర్ పర్మిట్ ఉంది, కాంట్రాక్టర్‌కు లైసెన్సు ఉంది. ఫ్యాన్ బిగించేవాడికి ఉన్న ఆ కట్టుబాటు, వంద పడకల ఆస్పత్రికి ఫైర్ అలారం పెట్టేవాడికి నాకు తెలిసినంతవరకు లేదు. విజిటింగ్ కార్డు కొట్టించుకున్న మర్నాడే ఈ పని మొదలుపెట్టినవాళ్లను చూశాను.

అమ్మేవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. దీని గురించి ఎవరూ మాట్లాడరు. టెక్నీషియన్ చేతికి సామాను వచ్చేసరికే సగం తప్పులు జరిగిపోయి ఉంటాయి. ఎన్ని డిటెక్టర్లు కావాలి, ఏ రకం కావాలి, సైరన్లు ఎక్కడ ఉండాలి అన్నది కొటేషన్ రాసిన సేల్స్ మనిషి తేల్చేస్తాడు. పక్కవాడికంటే రేటు తగ్గించాలి కాబట్టి డిటెక్టర్లు తగ్గిస్తాడు. స్మోక్ డిటెక్టర్‌కు గదిలో ఏ మూలా ఏడున్నర మీటర్ల కంటే దూరం ఉండకూడదన్న లెక్క అతనికి తెలిస్తే కదా, ఎన్ని తగ్గిస్తే ప్రాణం మీదికి వస్తుందో తెలిసేది! సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ దుకాణంలో అడిగినా అన్నిటికీ మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండరే చేతిలో పెడతారు. హోటల్ కిచెన్‌లో మరిగే నూనె అంటుకుంటే దానికి వెట్ కెమికల్ రకం కావాలని కొనేవాడికి ఎలా తెలుస్తుంది? నమ్మి వచ్చినవాడికి చెప్పాల్సింది అమ్మేవాడే. "ఎన్‌ఓసీకి ఏం కావాలో అంత ఇవ్వండి చాలు" అని, అంటే అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం వస్తే చాలని కొనేవాడు అడుగుతాడు, అంతే ఇచ్చి అమ్మేవాడు పంపించేస్తాడు. ఆ భవనంలో పడుకునేవాళ్ల గురించి ఆ బేరంలో ఎక్కడా మాట రాదు.

అమ్మేవాడికి చదువేమిటని అనవచ్చు. దానికి మన ఊళ్లోనే జవాబు ఉంది. ఎరువులు, పురుగుమందులు అమ్మే డీలర్లకు రాజేంద్రనగర్‌లోని మేనేజ్ అనే జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ 2003లో ఒక ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. దుకాణం మూసుకోనక్కర్లేకుండా వారానికి ఒక రోజు తరగతి, మధ్యమధ్య పొలాలకు తీసుకెళ్లి చూపించడం. అది ఇప్పుడు దేశమంతా నడుస్తోంది. రైతుకు ఏ మందు చెప్పాలో డీలర్‌కు తెలిసి ఉండాలని హైదరాబాద్‌లో ఆలోచించి దేశానికి దారి చూపినవాళ్లం, ఫైర్ సేఫ్టీ సామాను అమ్మేవారికి ఆ పని చేయలేమా? ఆదివారం తరగతులు పెట్టండి. దుకాణదారులు, సేల్స్ వాళ్లు ఫీజు కట్టి మరీ వస్తారు. సరిగ్గా పనిచేయాలనుకునేవాళ్లు వీళ్లలో చాలామంది ఉన్నారు, రేటు తగ్గించేవాడి ముందు వాళ్లే ఓడిపోతున్నారు.

మహారాష్ట్రలో అగ్ని నివారణ మీద 2006లో వచ్చిన చట్టం కింద లైసెన్సు పొందిన ఏజెన్సీలే ఫైర్ సేఫ్టీ సిస్టమ్‌లు బిగించే పని చేయాలి. పని చేశాక ఆ ఏజెన్సీ సంతకం పెట్టి సర్టిఫికెట్ ఇవ్వాలి. తర్వాత ఏటా జనవరిలో, జూలైలో సిస్టమ్ పనిచేసే స్థితిలో ఉందని ఏజెన్సీ సర్టిఫికెట్‌తో భవన యజమాని దాఖలు చేయాలి. అక్కడ అంతా సవ్యంగా ఉందని నేను చెప్పడం లేదు. సంతకం పెట్టినవాడు ఎవరో తెలుస్తుంది, అదే పెద్ద తేడా. అమెరికాలో ఫైర్ అలారం టెక్నీషియన్లకు నిసెట్ అనే సంస్థ నాలుగు స్థాయిల్లో సర్టిఫికెట్ ఇస్తుంది. చేరిన కుర్రాడు అనుభవం పెరిగేకొద్దీ మెట్టు మెట్టు ఎక్కుతాడు. అలా ఎక్కడానికి మా పనిలో మెట్లే లేవు.

నేను అడిగేది ఇది. కొన్ని ప్రభుత్వ ఐటీఐలలో ఫైర్ అలారం, ప్రాణ రక్షణ వ్యవస్థల మీద ఏడాది కోర్సు పెట్టండి. మీరు ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. వాటిలో ఒక గది చాలు. గోడకు ఒక ప్యానెల్, నాలుగు రకాల డిటెక్టర్లు, అద్దం నొక్కి అలారం మోగించే బ్రేక్ గ్లాసులు, సైరన్లు, ఒక ఫాల్స్ సీలింగ్. టీచరు కావాలనే వైరు తెంపాలి, పోలారిటీ (ప్లస్, మైనస్) మార్చాలి, బ్యాటరీ పీకేయాలి. విద్యార్థి ఫాల్ట్ వెతికి పట్టుకోవాలి. పరీక్ష కూడా అలాగే ఉండాలి, కాగితం మీద రాసే పరీక్షకు ఈ పనిలో విలువ లేదు. పాఠం తెలుగులో, ఉర్దూలో చెప్పండి, ప్యానెల్ మీద కనబడే ఇంగ్లిష్ పదాలు వాటితో పాటే వస్తాయి. హైదరాబాద్‌తో ఆపకండి. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్‌లలో ఇప్పుడు పెద్ద ఆస్పత్రులు, మాల్స్ లేస్తున్నాయి. అక్కడ ఫాల్ట్ వస్తే హైదరాబాద్ నుంచి మనిషి వచ్చేదాకా రోజుల తరబడి ప్యానెల్ ఆఫ్‌లోనే ఉంటుంది.

ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లను రోడ్డున పడేయకండి, ఇది మరీ మరీ వేడుకుంటున్నాను. రేపటి నుంచి సర్టిఫికెట్ లేనివాడు పనికిరాడంటే వేల ఇళ్లలో పొయ్యి ఆరిపోతుంది, పైగా ఉన్న అనుభవం కూడా పోతుంది. వాళ్లకు కొద్ది వారాల బ్రిడ్జి కోర్సు, పని చేయించి చూసే పరీక్ష, ఫెయిలైతే మళ్లీ అవకాశం ఇవ్వండి. గడువు రెండు మూడేళ్లు ఉండనివ్వండి. గడువు దాటాక మాత్రం పర్మిట్ నంబరు లేని కొటేషన్, పర్మిట్ నంబరు లేని సర్వీస్ రిపోర్టు ఎన్‌ఓసీ దరఖాస్తులో చెల్లకుండా అగ్నిమాపక శాఖతో మాట్లాడి ఉత్తర్వు తీయించండి. ఆ చివరి పని జరగకపోతే కోర్సు పెట్టినా చేరేవాళ్లు ఉండరు.

పర్మిట్ అంటే ఇంకో లంచం కౌంటర్ తెరుచుకుంటుందని మావాళ్లే నాతో అన్నారు. ఆ భయం ఉత్తది కాదు. అందుకే పరీక్షను వీడియో తీయమంటున్నాను. పాసైనవాళ్ల పేర్లు, పర్మిట్ నంబర్లు ఎవరైనా ఫోన్‌లో చూసుకునేలా పెట్టండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్టు) ఇచ్చే ముందు తానే చూసుకోగలగాలి.

ఇంకో లాభం కూడా ఉంది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ఎక్కువమంది కూలి పనులకే వెళ్తున్నారు. దుబాయ్‌లో సివిల్ డిఫెన్స్ ఆమోదం ఉన్న కంపెనీలే ఫైర్ అలారం పని చేయాలి. ఆ కంపెనీలకు పని తెలిసినవాళ్లు కావాలి. మన పిల్లల చేతిలో ప్రభుత్వ సర్టిఫికెట్ ఉంటే విదేశీ ఉద్యోగాలకు పంపే మన ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా టెక్నీషియన్‌గానే వెళ్లొచ్చు.

వచ్చే ఐటీఐ అడ్మిషన్లలోపు కనీసం రెండు చోట్ల ఈ కోర్సు మొదలవ్వాలని కోరుతున్నాను. సిలబస్ కమిటీ వేస్తే అందులో ఇంజనీర్లతో పాటు నిచ్చెన ఎక్కి డిటెక్టర్ విప్పే మనిషిని కూడా ఒకరిని కూర్చోబెట్టండి. పిలిస్తే నేను వస్తాను. మా దగ్గర పాత ప్యానెళ్లు, విప్పి చూపించడానికి పనికొచ్చే డిటెక్టర్లు ఉన్నాయి, అవి ఉచితంగా ఇస్తాను. ఆదివారాలు వచ్చి పాఠం చెప్పడానికీ సిద్ధం.

ఇట్లు,
ఒక ఫైర్ అలారం టెక్నీషియన్,
సికింద్రాబాద్